పాయింటర్ అంటే అడ్రసు, టైప్ అంటే కొలత: సి భాషలో పిల్లలు తడబడే చోటు ఇదే

పెద్దతిప్పసముద్రం: ఇంటర్ అయిపోయి మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు ఇంజనీరింగ్‌కో, డిప్లొమాకో, బీసీఏకో చేరిన పిల్లలు మొదటి ఏడాదిలోనే సి భాష చదవాల్సి వస్తుంది. మొదటి నెలంతా బాగానే సాగుతుంది. కూడికలు, ఇఫ్‌లు, లూప్‌లు వచ్చేస్తాయి. పాయింటర్ల పాఠం మొదలవగానే చాలామంది ఆగిపోతారు. "కంప్యూటర్ మనకు పడదు అమ్మీ" అనే మాట ఇళ్లలో అప్పుడే వినిపిస్తుంది. ఇంట్లో అంతకుముందు కాలేజీ మెట్లెక్కినవాళ్లు లేకపోతే ఆ మాటకు బదులు చెప్పేవాళ్లూ ఉండరు. సబ్జెక్టు మిగిలిపోతుంది, దాని మీద నిలబడే తర్వాతి సబ్జెక్టులూ కదలవు. డేటా స్ట్రక్చర్స్ మొత్తం పాయింటర్ల మీదే నడుస్తుంది మరి.

నిజానికి ఇందులో ఉన్న సంగతులు రెండే. ఒకటి అడ్రసు, రెండోది కొలత. ఈ రెండూ సరిహద్దు మండలంలో బతికే కుటుంబాలకు బాగా తెలిసినవే.

(కింద అర్థం కావడం కోసం ప్రోగ్రాం లైన్లను తెలుగు అక్షరాల్లో రాశాం. కంప్యూటర్‌లో ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టాలి.)

అడ్రసు సంగతి

కంప్యూటర్ మెమరీని ఒక పొడవాటి వీధి అనుకోండి. వరసగా చిన్న చిన్న గదులు. ప్రతి గదికీ ఒక నంబరు. గదిని బైట్ అంటారు, గది నంబరును అడ్రస్ అంటారు. ఒక్కో గదిలో 0 నుంచి 255 వరకు ఏదో ఒక అంకె పడుతుంది. అంతకు మించి పట్టదు.

ఇంట్ మార్కులు = 72;

ఈ లైన్ రాయగానే కంప్యూటర్ ఆ వీధిలో కొన్ని గదులు తీసుకుని, అందులో 72 పెట్టి, ఆ చోటికి "మార్కులు" అని పేరు పెడుతుంది. ఇప్పటి కంపైలర్లలో ఇంట్‌కు మామూలుగా 4 గదులు పడతాయి. పాత టర్బో సిలో 2 గదులే. అందుకే పాత పుస్తకంలో ఒక జవాబు, ల్యాబ్‌లో ఇంకో జవాబు వస్తుంటుంది. పుస్తకం తప్పు కాదు, ల్యాబూ తప్పు కాదు.

ఆ గదులు 5000 నంబరు దగ్గర మొదలయ్యాయనుకుందాం. అప్పుడు &మార్కులు అంటే 5000. & గుర్తును "దీని అడ్రసు ఏమిటి?" అని చదువుకోవాలి.

ఇంట్ *పి = &మార్కులు;

పి అనేది పాయింటర్. అందులో 72 ఉండదు, 5000 ఉంటుంది. అంటే పాయింటర్ కూడా మామూలు పెట్టె లాంటిదే. కాకపోతే అందులో సామాను ఉండదు, సామాను ఉన్న ఇంటి అడ్రసు చీటీ ఉంటుంది. ఆ చీటీ పట్టుకుని ఇంటికి వెళ్లాలంటే *పి అని రాయాలి. *పి = 75; అంటే "ఆ అడ్రసుకు వెళ్లి అక్కడ 75 పెట్టు" అని. ఇప్పుడు మార్కులు ఎన్ని అని అడిగితే 75 అనే వస్తుంది.

పిల్లలను మొదట తికమక పెట్టేది ఈ చుక్క గుర్తే. ఇంట్ *పి అన్నప్పుడు నక్షత్రానికి ఒక అర్థం, *పి = 75 అన్నప్పుడు ఇంకో అర్థం. మొదటి చోట "పి ఒక పాయింటర్" అని ప్రకటన మాత్రమే. రెండో చోట "వెళ్లి చూడు" అని పని. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో ఇది కొత్తేం కాదు. "కల్" అంటే నిన్న కావచ్చు, రేపు కావచ్చు. "కల్ ఆయా" అంటే నిన్న, "కల్ ఆయేగా" అంటే రేపు. మాట అదే, పక్కనున్న మాటను బట్టి అర్థం తేలుతుంది. నక్షత్రం కూడా అంతే. ముందు ఇంట్, చార్ లాంటి టైప్ పేరు ఉంటే ప్రకటన, లేకపోతే పని. రెండు అంకెల మధ్య ఉంటే గుణకారం.

జిరాక్స్ మీద దిద్దితే అసలు మారదు

అసలు ఈ అడ్రసుల గొడవ ఎందుకు? నేరుగా పేరు వాడితే పోదా?

రేషన్ కార్డులో పేరు తప్పు పడిందనుకోండి. కార్డు జిరాక్స్ తీసి ఒకరికిస్తే, ఆయన జిరాక్స్ మీద ఎర్ర ఇంకుతో సరిదిద్దినా ఇంట్లో ఉన్న అసలు కార్డు మారదు. సిలో ఫంక్షన్‌కు ఏ విలువ ఇచ్చినా జిరాక్సే వెళ్తుంది. ఫంక్షన్ లోపల ఆ కాపీని ఎంత మార్చినా బయట ఉన్న అసలు విలువ చెక్కుచెదరదు. రెండు సంఖ్యలను తారుమారు చేసే స్వాప్ ప్రోగ్రాం మొదటిసారి పనిచేయకపోవడానికి కారణం ఇదే.

అసలు కార్డే మారాలంటే "ఇదిగో మా ఇంటి అడ్రసు, వచ్చి అక్కడే దిద్దండి" అనాలి. అందుకే స్వాప్‌కు & పెట్టి అడ్రసులు ఇస్తారు. మొదటి వారం నుంచి గుడ్డిగా రాస్తూ వచ్చిన స్కాన్ఎఫ్‌లో & ఎందుకుందో కూడా ఇక్కడే తేలుతుంది. కీబోర్డులో కొట్టిన అంకెను తెచ్చి పెట్టడానికి స్కాన్ఎఫ్‌కు మన విలువతో పనిలేదు, మన అడ్రసుతోనే పని. ప్రింట్ఎఫ్‌కు చూపించడానికి విలువ చాలు, కాబట్టి అక్కడ & ఉండదు.

అడ్రసు చీటీ ఖాళీగా ఉంటే ఏమవుతుంది? ఇంట్ *పి; అని రాసి, ఏ అడ్రసూ ఇవ్వకుండానే *పి = 10; అంటే, చీటీ మీద పాత చెత్త నంబరు ఏదుంటే ఆ ఇంటి తలుపు తట్టినట్టు. ఒక్కోసారి కంప్యూటర్ పట్టుకుని "సెగ్మెంటేషన్ ఫాల్ట్" అని ప్రోగ్రాంను ఆపేస్తుంది. ఒక్కోసారి ఆపదు. మన మాల్ వేరేవాళ్ల ఇంట్లో పడిపోతుంది. ఆపకపోవడమే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే తప్పు ఎక్కడ జరిగిందో, ఎప్పుడు బయటపడుతుందో తెలియదు. అందుకే ఇంకా అడ్రసు దొరకని పాయింటర్‌లో నల్ పెట్టి ఉంచాలి. వాడే ముందు నల్ కాదు కదా అని చూసుకోవాలి. ఫ్రీ చేసేసిన మెమరీ జోలికి మళ్లీ వెళ్లకూడదు. ఖాళీ చేసిన అద్దె ఇంటికి పాత తాళంచెవితో వెళ్లినట్టవుతుంది, లోపల ఎవరున్నారో మనకు తెలియదు.

కొలత సంగతి

ఇప్పుడు రెండోది. పెద్దతిప్పసముద్రం కర్ణాటక సరిహద్దులో ఉంది. ఇటు భూమి కొలత ఎకరాలు, సెంట్లలో చెబుతారు. అటు బాగేపల్లి, చింతామణి వైపు ఎకరాలు, గుంటలు. ఎకరాకు 100 సెంట్లు, అదే ఎకరాకు 40 గుంటలు. అంటే ఒక గుంట రెండున్నర సెంట్లు.

ఒక కాగితం మీద "2-20" అని ఉందనుకోండి. అది కర్ణాటక కాగితమైతే 2 ఎకరాల 20 గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. అదే అంకెలను ఇటువాళ్లు సెంట్లు అనుకుని చదివితే 2 ఎకరాల 20 సెంట్లు. కాగితం మారలేదు, అంకె మారలేదు, భూమి మాత్రం 30 సెంట్లు తగ్గిపోయింది. తేడా వచ్చింది కొలత దగ్గర.

సిలో టైప్ అంటే సరిగ్గా ఈ కొలతే. మెమరీ గదుల్లో ఉండేవి ఉత్త అంకెలు. గదిలో 65 ఉంటే, అది సంఖ్యా, అక్షరమా అని గదికి తెలియదు. ఇంట్‌గా చూపించమంటే 65 అంటుంది. చార్‌గా చూపించమంటే ఇంగ్లిషు పెద్ద బడి ఏ అక్షరం చూపిస్తుంది. ఎన్ని గదులు కలిపి చదవాలి, ఎలా చదవాలి అన్నది టైప్ చెబుతుంది.

పాయింటర్ కూడా అడ్రసు చీటీయే కదా, మరి ఇంట్ పాయింటర్, చార్ పాయింటర్, డబుల్ పాయింటర్ అని ఎందుకు అనే ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. అడ్రసు ఒక్కటే చాలదు. అక్కడికి వెళ్లాక ఎన్ని గదులు తెరవాలో కూడా తెలియాలి. చార్ అయితే 1, ఇంట్ అయితే మామూలుగా 4, డబుల్ అయితే 8. పి + 1 అన్నప్పుడు కూడా ఒక గది కాదు, ఒక కొలత ముందుకు జరుగుతుంది. 5000 దగ్గరున్న ఇంట్ పాయింటర్‌కు 1 కలిపితే 5001 కాదు, 5004. సెంటు కొలతతో ఒక అడుగు, గుంట కొలతతో ఒక అడుగు ఒకటి కాదు కదా.

మార్చి రాయడం ఒకటి, మార్చి చదవడం ఒకటి

టైప్ కాస్టింగ్ అంటే టైప్ మార్చమని మనమే చెప్పడం. ఇది రెండు రకాలు. పుస్తకాలు రెండింటినీ ఒకే గుర్తుతో చూపిస్తాయి కాబట్టి పిల్లలు రెండూ ఒకటే అనుకుంటారు. గందరగోళమంతా ఇక్కడే పుడుతుంది.

మొదటి రకం, విలువను మార్చి రాయడం. 20 గుంటలను రెండున్నరతో గుణించి 50 సెంట్లు అని కొత్తగా రాసుకోవడం లాంటిది. లెక్క జరుగుతుంది, కొత్త విలువ వస్తుంది. పాతది అలాగే ఉంటుంది.

కువైట్‌లో పనిచేసేవాళ్లున్న ఇళ్లకు దినార్ లెక్క తెలుసు. ఒక దినార్‌కు 1000 ఫిల్స్. ఫ్లోట్ డబ్బు = 12.750, అని పెట్టి (ఇంట్) డబ్బు అంటే 12 వస్తుంది. 750 ఫిల్స్ పోయాయి. 13కు సవరించదు, చుక్క తర్వాత ఉన్నదాన్ని కోసి పారేస్తుంది. డబ్బు అనే పెట్టెలో మాత్రం 12.750 ఇంకా అలాగే ఉంది, ఎందుకంటే కాస్ట్ కొత్త విలువను తయారుచేసిందే గానీ పాతదాన్ని ముట్టుకోలేదు.

పరీక్షల్లో తరచూ వచ్చే ఇంకో సంగతి సగటు. ఆరు సబ్జెక్టుల్లో మొత్తం 425 మార్కులు. రెండూ ఇంట్ అయితే 425 / 6 అంటే సిలో 70. ఎందుకంటే ఇంట్‌ను ఇంట్‌తో భాగిస్తే ఇంటే వస్తుంది. (ఫ్లోట్) 425 / 6 అని రాస్తే భాగించే ముందే 425 ఫ్లోట్ అవుతుంది, 70.83 వస్తుంది. కానీ (ఫ్లోట్) (425 / 6) అని బ్రాకెట్లో పెడితే ముందు 70 వచ్చేసి, తర్వాత అది 70.00 అవుతుంది. నష్టం జరిగిపోయాక ఫ్లోట్ చేస్తే పోయింది తిరిగి రాదు.

చిన్న పెట్టెలో పెద్ద విలువ పెట్టినా ఇంతే. అన్‌సైన్డ్ చార్‌లో 255 వరకే పడుతుంది. అందులో 300 పెడితే 44 మిగులుతుంది, 256 జారిపోతుంది. కంప్యూటర్ గొడవ చేయకుండా ముందుకు వెళ్లిపోతుంది.

రెండో రకం, పాయింటర్‌ను కాస్ట్ చేయడం. ఇక్కడ ఏ లెక్కా జరగదు. గదుల్లో ఉన్నవి అలాగే ఉంటాయి. చదివే కొలత మాత్రమే మారుతుంది. గుంటల కాగితాన్ని సెంట్ల కళ్లద్దాలతో చదవడం ఇదే.

ఫ్లోట్‌లో 1.0 పెట్టి (ఇంట్) అని విలువను కాస్ట్ చేస్తే 1 వస్తుంది. అదే 1.0 ఉన్న 4 గదులను ఇంట్ అనుకుని చదివితే ఇప్పటి కంప్యూటర్లలో 1065353216 వస్తుంది. వంద కోట్ల పైన. ఇది కంప్యూటర్ తప్పు కాదు. ఫ్లోట్‌ను గదుల్లో సర్దే పద్ధతి వేరు, ఇంట్‌ను సర్దే పద్ధతి వేరు. ఒక పద్ధతిలో రాసినదాన్ని ఇంకో పద్ధతిలో చదివాం, అంతే. పైగా ఒక టైప్ చోటును సంబంధం లేని వేరే టైప్ పాయింటర్‌తో ఇలా చదవడాన్ని సి నిబంధనలు ఒప్పుకోవు. అలా రాస్తే కంపైలర్ ఏ జవాబైనా ఇవ్వొచ్చు. నిజంగా అవసరమైతే మెమ్‌కాపీతో బైట్లను వేరే పెట్టెలోకి కాపీ చేసుకోవాలి. చార్ పాయింటర్‌కు మాత్రం మినహాయింపు ఉంది. దాంతో దేనినైనా ఒక్కో గదిగా తెరిచి చూడొచ్చు.

అలా తెరిచి చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. ఇంట్‌లో 258 పెట్టండి. 258 అంటే ఒక 256, ఇంకో 2. చార్ పాయింటర్‌తో నాలుగు గదులూ వరసగా చూస్తే మామూలు ల్యాప్‌టాప్‌లో 2, 1, 0, 0 కనిపిస్తుంది. చిన్నభాగం ముందు, పెద్దభాగం తర్వాత. తలకిందులుగా ఉందేమిటి అనిపిస్తుంది. ఉర్దూ పేజీ చూడండి. అక్షరాలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, అదే వరసలో వచ్చే అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికి. చదివేవాళ్లకు పద్ధతి తెలుసు కాబట్టి ఎవరూ తడబడరు. కంప్యూటర్‌ది కూడా అలాంటి పద్ధతే. దీన్ని లిటిల్ ఎండియన్ అంటారు. పెద్దభాగం ముందు పెట్టే యంత్రాలూ ఉన్నాయి, అది బిగ్ ఎండియన్.

ఇక మాలాక్ సంగతి. మాలాక్ ఇచ్చేది వాయిడ్ పాయింటర్, అంటే కొలత రాయని అడ్రసు చీటీ. సిలో దాన్ని ఇంట్ పాయింటర్‌లో పెడితే దానంతటదే కొలత పట్టుకుంటుంది, ముందు (ఇంట్ *) అని రాయాల్సిన అవసరం లేదు. సి ప్లస్ ప్లస్‌లో మాత్రం రాయాలి. సార్ రాయమంటే రాయండి, తప్పేం కాదు. ఎందుకు రాస్తున్నామో తెలిస్తే చాలు.

కొలత తప్పితే రాకెట్టే కూలింది

ఇదంతా పరీక్షల కోసమే అనుకోకూడదు. 1996 జూన్ 4న ఐరోపా దేశాల కొత్త రాకెట్ ఏరియాన్ 5 ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి మొదటిసారి ఎగిరింది. సుమారు 40 సెకన్లకే దారి తప్పి ముక్కలైంది. దాంతోపాటు నాలుగు క్లస్టర్ ఉపగ్రహాలు పోయాయి. విచారణలో తేలిందేమిటంటే, అడ్డంగా వెళ్లే వేగానికి సంబంధించిన ఒక విలువను 64 బిట్ల ఫ్లోటింగ్ సంఖ్య నుంచి 16 బిట్ల పూర్ణసంఖ్యకు మార్చే చోట అది పట్టలేదు. 16 బిట్లలో 32767 వరకే పడుతుంది. ఆ ప్రోగ్రాం భాగం ఏరియాన్ 4 నుంచి తెచ్చుకున్నది. పాత రాకెట్‌లో ఆ విలువ ఎప్పుడూ అంత పెరగలేదు. కొత్తదాని దారి వేరు, విలువ పెరిగింది.

ఆ ప్రోగ్రాం సిలో కాదు, ఏడా అనే భాషలో రాసింది. ఆ భాష కనీసం తప్పు జరిగిందని కేక వేసింది, ఆ కేకను పట్టించుకునే ఏర్పాటు ఆ చోట లేదు. సిలో ఫ్లోట్ విలువ ఇంట్‌లో పట్టకపోతే ఏం జరగాలో నిబంధనే లేదు. కేక కూడా ఉండకపోవచ్చు. విలువ పడుతుందా లేదా అని ముందే చూసుకోవాల్సింది రాసేవాళ్లే.

మరి ఇంత ప్రమాదమైన భాషను ఎందుకు నేర్పుతున్నారు? 1970ల మొదట్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెనిస్ రిచీ సిని తయారుచేసింది యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం రాయడానికి. మెమరీలో ఏ గదికి ఏం వెళ్తుందో చేత్తో పట్టుకున్నట్టు చెప్పగలగడమే దాని బలం. మన చేతుల్లో ఉన్న ఆండ్రాయిడ్ ఫోన్ లోపల నడిచే లినక్స్ కెర్నల్ ఎక్కువ భాగం సిలోనే ఉంది. జావా, పైథాన్ ఈ అడ్రసులను లోపల దాచి పెడతాయి. సి చదివినవాళ్లకు ఆ లోపల ఏముందో తెలుస్తుంది.

ఇంట్లో సాధన ఎలా?

ల్యాప్‌టాప్ లేకపోయినా మొదలుపెట్టొచ్చు. తెల్ల కాగితం మీద పెట్టెలు గీయండి. ప్రతి పెట్టె పక్కన ఒక అడ్రసు నంబరు, పైన పేరు, లోపల విలువ. పాయింటర్ పెట్టె నుంచి అది చూపించే పెట్టెకు బాణం గీయండి. ప్రోగ్రాంలో ఒక్కో లైన్ చదువుతూ ఏ పెట్టె మారిందో దిద్దండి. స్వాప్ ప్రోగ్రాంను ఇలా ఒకసారి గీస్తే జిరాక్స్‌కూ అసలుకూ తేడా కళ్లకు కడుతుంది.

తర్వాత ఫోన్ బ్రౌజర్‌లో ఉచితంగా దొరికే ఆన్‌లైన్ కంపైలర్‌లో అదే ప్రోగ్రాం కొట్టి అడ్రసులు ప్రింట్ చేసి చూడండి. నడిపిన ప్రతిసారీ నంబర్లు మారొచ్చు, కంగారు పడొద్దు. కంపైలర్ ఇచ్చే హెచ్చరికలను "ప్రోగ్రాం నడుస్తోంది కదా" అని వదిలేయకండి. పాయింటర్ టైప్ కలవడం లేదని అది చెప్పిందంటే గుంటలు, సెంట్లు కలిసిపోయాయని అర్థం. ఆ హెచ్చరిక పోవాలని కాస్ట్ రాసేయడం చాలామంది చేసే పని. దాంతో హెచ్చరిక పోతుంది, తప్పు మాత్రం లోపలే ఉంటుంది.

కాస్ట్ రాసే ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఇది విలువను మార్చి రాయడమా, ఉన్నదాన్ని వేరే కొలతతో చదవడమా? మార్చి రాసేదైతే కొత్త పెట్టెలో అది పడుతుందా? చదివేదైతే అక్కడ నిజంగా ఆ టైప్ సామానే ఉందా?

ఇంట్లో పెద్దవాళ్లకు సి రావాల్సిన పనిలేదు. బిడ్డ "పాయింటర్లు అర్థం కావడం లేదు" అన్నప్పుడు కాగితం, పెన్ను ముందు పెట్టి "ఏ పెట్టెలో ఏముంది, దాని అడ్రసెంత, నాకు చెప్పు" అని అడిగితే చాలు. అమ్మీకో, అబ్బాకో, నానీకో చెప్పడానికి కూర్చున్నప్పుడు ఎక్కడ ఆగిపోయిందో బిడ్డకే తెలుస్తుంది. మరుసటి రోజు క్లాసులో సార్‌ను అడగాల్సిన ప్రశ్న కూడా అక్కడే దొరుకుతుంది.